మేడ లైను, కింద లైను

"పదకొండంటే పదకొండే. పదకొండు దాటి ఒక్క నిమిషమైనా నేను ఏ మాటా వినను," అన్నారు ప్రెస్సు బావగారు, నాలుగో మెట్టు మీద నిలబడి.

ఎనిమిది రోజులుగా ఆ నాలుగో మెట్టు ఆయన సరిహద్దు. మేడ మీది నుంచి బయటికి పోవడానికి వెనకవైపు ఇనప మెట్లున్నాయి. హాల్లోకి దిగే లోపలి మెట్ల మీద మాత్రం ఆయన సగం దాకా వస్తారు, చెప్పాల్సింది చెబుతారు, తిరిగి పైకి వెళ్లిపోతారు. తమ్ముడి హాల్లో కాలు పెట్టనన్న పంతం అలా నిలబెట్టుకుంటున్నారు.

చిన్నకోడలు తలెత్తలేదు. భోజనాల బల్ల మీద లాప్‌టాప్, దాని పక్కన ఒక ఫోను. తెర మీద మళ్లీ అదే ఎర్ర గీత: డీబగ్గర్‌కు కనెక్ట్ కాలేదు. పొద్దున ఆరింటి నుంచి ఇది ముప్పయ్యోసారో నలభయ్యోసారో ఆమెకే తెలియదు.

"ప్రెస్సులో కుర్చీ కూడా వేయించాను. కిటికీ పక్కన. సోమవారం నుంచి హాయిగా ప్రూఫులు దిద్దుకోవచ్చు. ఎండ తగలదు."

"కిటికీ పక్కనైతే ఎండ తగలదా, బావగారూ?"

"తెర కట్టిస్తాను."

"పొద్దున్నే దాని ప్రాణం తోడకురా!" వంటింట్లోంచి కేకేశారు అత్తగారు. "కట్టుకుంటే నీ నోటికి కట్టుకో తెర."

"మాటిచ్చింది తనేనమ్మా. నేనేం బలవంతం చేశానా?"

అది నిజమే. పోయిన శుక్రవారం, అందరి ముందూ, గొంతు పెంచి మరీ చెప్పింది. కంటాసుపత్రి పెద్ద డాక్టరమ్మకి వారం తిరిగేలోగా, కంట్లో వేసే చుక్కల మందులు వేళకి గుర్తుచేసే నా యాప్ నడిపి చూపిస్తాను, చూపించలేకపోతే లాప్‌టాప్ మూసేసి మీ ప్రెస్సులో కూర్చుంటాను, మళ్లీ ఈ పని ఊసెత్తను అంది. నాలుగేళ్లు ఇంటి పట్టున ఉండి, ఎలాగోలా మళ్లీ మొదలుపెట్టిన పని. కోపంలో నోరు జారి దాన్నే పణంగా పెట్టేసింది.

బావగారు గోడ గడియారం వైపు చూశారు. తొమ్మిదిన్నర. డాక్టరమ్మ వీడియో కాల్ పదకొండింటికి. చేతిలోని ప్రూఫు కాగితాలు చుట్టుకుంటూ పైకి వెళ్లిపోయారు.

వంటింట్లో కుళాయి కారుతోంది.

"అమ్మాయ్, ఏమంటోంది?" అన్నారు మామగారు.

ఆయన పడక కుర్చీలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. కుడి కంటికి ఆపరేషనై పన్నెండు రోజులైంది. టీవీ వద్దు, పేపరు వద్దు, ఫోను తెర అసలే వద్దన్నారు డాక్టర్లు. ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ లైన్‌మన్‌గా స్తంభాలెక్కిన మనిషికి అలా కూర్చోవడం జైలు కన్నా కష్టంగా ఉంది.

"ఏముంది మామయ్యా, కలవడం లేదు."

"ఏది, దేనితో?"

చెప్పినా ఆయనకేం అర్థమవుతుందిలే అనుకుంటూనే చెప్పింది. "యాప్ మూడో పేజీకి వెళ్లగానే కుప్పకూలిపోతోంది. నా ఫోన్లో బాగానే ఉంది. డాక్టరమ్మ ఫోన్లో పడిపోతోంది, పక్కింటావిడ దగ్గర్నుంచి అత్తయ్య తెచ్చిచ్చిన ఈ ఫోన్లోనూ పడిపోతోంది. ఎక్కడ కాలు జారుతోందో డీబగ్గర్ చూపిస్తుంది. అది లాప్‌టాప్‌లో ఉంటుంది. ఈ ఫోనూ, లాప్‌టాపూ మాట్లాడుకుంటేనే అది పని చేసేది. ఇవి మాట్లాడుకోవడం లేదు."

"ఈ ఇంట్లో అదేం వింతే," అన్నారు అత్తగారు వంటింట్లోంచే.

మామగారు నవ్వలేదు. "మధ్యలో తీగ ఉందా, గాలిలోనా?"

"మంచి కేబుల్ మీ అబ్బాయి డ్యూటీకి తీసుకెళ్లిపోయారు. ఇంట్లో ఉన్నదానితో పెడితే చార్జింగ్ ఎక్కుతోంది, అంతే. ఫోను ఉన్నట్టే లాప్‌టాప్‌కి తెలియడం లేదు."

"కరెంటు వస్తోంది, మాట రావడం లేదు. అందులో రెండు తీగలే ఉండుంటాయి. మాట మోసే తీగలు వేసి ఉండడు. దాన్ని పక్కన పడెయ్."

"పడేశాను. వైఫై మీద పెట్టి చూస్తున్నాను."

"మొదట్నుంచీ ఒక వరుసలో చూద్దామా? నేనడుగుతాను, నువ్వు..."

"మామయ్యా, ఇది స్తంభాలూ తీగలూ కాదు! ఫైర్‌వాల్ ఆపాను, యాప్ మూసి మళ్లీ తెరిచాను, రెండూ మూడుసార్లు ఆర్పి వెలిగించాను. నన్ను కాసేపు వదిలేయండి!"

అనేసింది. అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది.

మామగారు కళ్లద్దాలు సర్దుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, గోడ ఉన్న వైపు తల తిప్పారు. వంటింట్లో గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది. ఈ ఇంట్లో కోపానికి అందరూ అలవాటుపడ్డారు గానీ, ఆ పెద్దాయన మీద ఇంతవరకూ ఎవరూ గొంతెత్తలేదు.

గడియారం పది కొట్టింది.

చిన్నకోడలు లేచి వెళ్లి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పయిపోయింది మామయ్యా. నాకేం తోచడం లేదు. అడగండి, చెబుతాను."

"అదేం లేదు తల్లీ. వానలో స్తంభాలెక్కి ఇంటికొచ్చినప్పుడు నేను మీ అత్తయ్యనేమనేవాణ్ణో నీకు తెలియదు."

"నాకు తెలుసు," అన్నారు అత్తగారు, గుమ్మంలోకి వచ్చి చేతులు తుడుచుకుంటూ.

మామగారు కుర్చీలో ముందుకి జరిగారు. "లైను చచ్చిపోతే మా కొత్తవాళ్లు మొదటి స్తంభం నుంచి ఎక్కుతూ పోయేవాళ్లు. నలభై స్తంభాలెక్కేసరికి పొద్దు గూకేది. నేను తిన్నగా ఇరవయ్యో స్తంభం దగ్గరికి పోయేవాణ్ణి. అక్కడికి మాట వస్తోందంటే ఇవతల సగం మంచిదే, అవతల వెతకాలి. రావడం లేదంటే ఇవతలే ఉంది రోగం. నీ ఫోనుకీ లాప్‌టాప్‌కీ మధ్య స్తంభం ఏది?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "గోడకున్న వైఫై డబ్బా."

"ఫోను నుంచి డబ్బా దాకా బాగుందా?"

ఫోన్లో వార్తలు తెరిచింది. టక్కున వచ్చాయి. "బాగుంది."

"లాప్‌టాప్ నుంచి డబ్బా దాకా?"

అక్కడా వచ్చాయి. "బాగుంది మామయ్యా. రెండు వైపులా నెట్ ఉంది. అందుకేగా నాకు పిచ్చెక్కుతోంది."

మామగారు వేళ్లతో కుర్చీ చెయ్యి మీద మెల్లగా కొట్టారు.

"అటు సగమూ మంచిదే, ఇటు సగమూ మంచిదే. అయినా మాట కలవడం లేదంటే అది తెగిన లైను కాదమ్మా. మధ్యలో ఎవడో కావాలనే విప్పి పెట్టాడు."

"ఎవరు విప్పుతారు మామయ్యా, మనింట్లో?"

"నాకు కనపడదు కదా, నువ్వే చదువు. ముందు లాప్‌టాప్‌లో నెట్‌ది ఏముందో పై నుంచి కింద దాకా ఉన్నదున్నట్టు చదువు. తెలిసిందేలే అని ఒక్క ముక్క కూడా వదలకు."

ఆమె చదివింది. "వైఫై ఆన్‌లో ఉంది. లైను పేరు, కింద. సిగ్నల్ బాగుంది."

"ఇప్పుడు ఫోన్లో."

"వైఫై ఆన్‌లో ఉంది. లైను పేరు..."

ఆగిపోయింది. పొద్దున్నుంచి ఆ తెర పాతికసార్లు తెరిచింది. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయా లేదా అనే చూసింది గానీ, పక్కనున్న పేరు ఒక్కసారీ చదవలేదు.

"లైను పేరు, మేడ."

అత్తగారు చటుక్కున వంటింట్లోకి తిరిగారు. ఎవరూ పిలవకపోయినా అక్కడేదో పని గుర్తొచ్చినట్టుంది.

మామగారు నుదురు కొట్టుకున్నారు. "నేనేనే అమ్మాయ్! ఆ విప్పి పెట్టినవాణ్ణి నేనే!"

ఎనిమిది రోజుల కిందటి టీవీ గొడవ ఇంకా ఎవరి చెవుల్లోంచీ పోలేదు. హాల్లో టీవీ ఉన్నట్టుండి మోగింది, కండలు తిరిగిన మనిషొకడు తెర నిండా నిలబడి ఇంకో పది గుంజీలు తీయమని గదమాయించాడు. మేడ మీద వ్యాయామం చేసుకుంటున్న బావగారు తన ఫోన్లోని వీడియోని తన టీవీ అనుకుని తమ్ముడి టీవీకి పంపేశారు. ఒకసారైతే నవ్వుకుని ఊరుకునేవాళ్లే, వరుసగా మూడు రోజులు పంపారు. మూడో రోజు తమ్ముడు ఒక మాట అన్నాడు, అన్న రెండన్నాడు, ఆ తర్వాత ఇద్దరూ మాటలే మానేశారు. గొడవ చల్లారుతుందని మామగారు నెట్ మనిషిని పిలిపించి, ఒకే డబ్బాలో లైను రెండుగా చీల్పించారు. మేడది మేడకి, కిందది కిందకి. మేడ లైన్లో ఉన్న వస్తువుకి కింద ఉన్న వస్తువు కనపడకూడదని దగ్గరుండి చెప్పి మరీ చేయించారు.

"ముప్పై నాలుగేళ్లు ఊరికీ ఊరికీ లైను కలిపాను. నా ఇంట్లో నేనే కోసుకున్నాను," అన్నారాయన, సిగ్గుపడుతూ, నవ్వుతూ.

చిన్నకోడలికి నవ్వు రాలేదు. ఆమె చూపు ఇంకా ఫోను మీదే ఉంది. "అత్తయ్యా, ఈ ఫోను పక్కింటావిడదన్నారు?"

"పక్కే కదా," వంటింట్లోంచి చిన్న గొంతు వచ్చింది. "కాకపోతే కొంచెం పైన."

మేడ లైను పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసు. ఒకరు బావగారు. ఇంకొకరు ఎనిమిది రోజులుగా ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడని తోడికోడలు.

ఆలోచించడానికి వ్యవధి లేదు. పదీ ఇరవై. ఫోనును మేడ లైన్లోంచి తీసి కింద లైన్లో కలిపింది. యాప్ తెరిచింది. లాప్‌టాప్‌లో ఎర్ర గీత ఒకసారి మిణుకుమంది.

ఆకుపచ్చగా మారింది.

"కలిసింది! మామయ్యా, కలిసింది!" పెద్దవాళ్లు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా గంతేసింది.

"నేను చూడలేదుగా, అరవకపోతే ఎలా తెలుస్తుంది," అన్నారు మామగారు. ఆయన ముఖం చేటంతైంది. "ఊ, పని కానీ. ఎక్కడ పడుతోంది?"

మూడో పేజీ నొక్కింది. యాప్ కూలింది, ఈసారి మాత్రం ఎక్కడ కూలిందో డీబగ్గర్ వేలు పెట్టి చూపించింది. ఆమె గట్టిగా చదివింది. ఇప్పుడిక ఏదీ వదలదలుచుకోలేదు.

"పేషెంటు పేరు, మామయ్యగారు. కుడి కన్ను, మూడు రకాల చుక్కల మందులు. ఎడమ కన్ను... ఖాళీ."

ఖాళీ. మూడో పేజీ రెండు కళ్ల మందులనూ పక్కపక్కన పేర్చి చదివి వినిపిస్తుంది. ఎడమ కంటికి మందే లేకపోతే, లేని మందు కోసం వెతుక్కుంటూ పోయి పడిపోతోంది.

"నేనెప్పుడు పరీక్ష చేసినా రెండు కళ్లకీ మందులు రాసేదాన్ని," అంది ఆమె, తన మీద తనకే కోపం వచ్చి. "ఏదీ వదలకూడదని శ్రద్ధగా నింపేదాన్ని. ఒక కన్నే ఆపరేషన్ అయిన మనిషిని ఇంట్లో పెట్టుకుని కూడా నాకు తట్టలేదు!"

"నీకు తట్టలేదు సరే. ఆ ఫోన్లో నా పేరు రాసిందెవరు?"

చిన్నకోడలు తెరని కిందికి జరిపింది. పన్నెండు రోజులు, రోజుకి నాలుగు పూటలు. ఒక్క పూట కూడా తప్పకుండా టిక్కులు పెట్టి ఉన్నాయి. గొడవైన రోజున కూడా నాలుగున్నాయి.

రెండు వారాల కిందట ఇంట్లో అందరికీ యాప్ పంపించి, వాడి చూడమని బతిమాలింది. ఎవరూ వాడలేదనే అనుకుంది.

"మందు వేసే వేళకి పెద్దది పై మెట్టు మీదికొచ్చి నిలబడేది," అన్నారు అత్తగారు, ఇక దాచలేక. "అయిందా అని చెయ్యి ఊపేది. అయిందని నేను తల ఊపేదాన్ని. నిన్న సాయంత్రం ఫోను నా చేతిలో పెట్టి, ఇందులోనూ పడిపోతోంది అత్తయ్యా, చెల్లికివ్వండి, నా పేరు మాత్రం చెప్పకండి అంది. వాడికి తెలిస్తే మళ్లీ రచ్చవుతుందని భయం."

చిన్నకోడలికి ఈ ఎనిమిది రోజుల్లో అక్కని మనసులో ఎన్ని మాటలనుకుందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. సిగ్గేసింది. ఏడవడానికి కూడా ఇప్పుడు తీరిక లేదు. ముక్కు ఎగబీల్చి కీబోర్డు ముందుకి లాక్కుంది.

దిద్దాల్సింది రెండే రెండు వరుసలు. కంటికి మందు లేకపోతే, లేదని చెప్పి ముందుకి సాగిపో.

"పది నిమిషాలుంది," అన్న గొంతు వినిపించింది. బావగారు నాలుగో మెట్టు మీదికి వచ్చేశారు.

ఆమె ఫోనెత్తి, ఆయనకి కనపడేలా పట్టుకుని, మూడో పేజీ నొక్కింది.

పేజీ నిలబడింది. అందులోంచి అత్తగారి గొంతు హాలంతా ఖంగుమంది. "కుడి కంట్లో మందు వేశాం. ఎడమ కంటికి మందు లేదు. ఏవండీ, కన్ను నలపకండి అన్నానా!"

అప్పుడే కళ్లద్దాల కిందికి వేలు పోనిస్తున్న మామగారు ఉలిక్కిపడి చెయ్యి తీసేశారు. అసలు అత్తగారు గుమ్మంలో నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. "రికార్డు చేసేటప్పుడు మరీ గట్టిగా అన్నానేమో అనుకున్నాను. సరిపోయింది."

బావగారి పెదవి కూడా వణికింది. వెంటనే బిగించేసుకున్నారు.

దిద్దిన యాప్, దాంతో పాటు ఈ ఫోన్లోని పన్నెండు రోజుల టిక్కులూ డాక్టరమ్మ ఫోనుకి పంపింది. సరిగ్గా పదకొండింటికి లాప్‌టాప్ మోగింది. తెల్ల కోటులో డాక్టరమ్మ తెర మీదికి వచ్చింది. పలకరింపులేమీ లేకుండా తన ఫోను తీసి ఒక్కో పేజీ నొక్కుకుంటూ పోయింది. మొదటిది. రెండోది. మూడోది.

"ఏవండీ, కన్ను నలపకండి అన్నానా!" అంది డాక్టరమ్మ ఫోను.

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. "నేను రోజుకి యాభైమందికి చెప్పే మాట! ఈ గొంతు మార్చకండి. అది సరే, నిన్న ఇక్కడే పడిపోయేది కదా?"

"ఒక కంటికే మందున్న వాళ్ల దగ్గర పడిపోయేదండీ. దిద్దాను."

"మా దగ్గర అందరూ ఒక కంటివాళ్లేనమ్మా. రెండు కళ్లకీ ఒకేసారి చేయం. సోమవారం నుంచి మా వార్డులో మొదలుపెడదాం. వచ్చేయండి."

అత్తగారు మెట్ల వైపు తిరిగారు. గొంతు తగ్గించే ప్రయత్నమేమీ చేయలేదు. "విన్నావురా? ఆ కిటికీ పక్క కుర్చీలో ఇక నువ్వే కూర్చో. ఎండ తగలదట."

బావగారు గడియారాన్ని చూశారు, తెరని చూశారు, మరదల్ని చూశారు. కాసేపటికి గొంతు సవరించుకుని, "మాట మాటే. గెలిచావు," అన్నారు. ఆ మూడు మాటలూ పలకడానికి ఆయన పడ్డ కష్టం చూసి చిన్నకోడలికి జాలేసింది. అయినా లోపల మనసు మాత్రం ఊరేగుతోంది.

"ఇంకో మాట," అంది డాక్టరమ్మ. "ఒక కంటికే రాసి పన్నెండు రోజులు వదలకుండా నడిపిన మనిషి ఒకరున్నట్టున్నారే, మీరు పంపిన దాంట్లో చూశాను. ఎవరు? పేషెంట్ల ఇంటివాళ్లకి నేర్పించడానికి నాకు అలాంటి మనిషే కావాలి. వారిని కూడా తీసుకురండి."

బావగారి కళ్లు బల్ల మీది ఫోను మీద పడ్డాయి. దాని తొడుగు ఒక మూల పగిలి ఉంది. ఆ మూలని ప్రెస్సులో బైండింగుకి వాడే నల్ల గుడ్డతో అతికింది ఆయనే.

"ఆ ఫోను ఎవరిది?" అన్నారు మెల్లగా.

అత్తగారు నేల చూశారు. చిన్నకోడలు ఏదో చెప్పబోయింది. అంతలో మేడ మీద తలుపు తెరుచుకుంది. పెద్దకోడలు మెట్లు దిగడం మొదలుపెట్టింది. భర్త వెనకాల, ఐదో మెట్టు మీద ఆగింది.

"నాదేనండీ. మీరు కొనిచ్చిందే," అంది. "సోమవారం చెల్లితో నేనూ వెళ్తున్నాను. కాస్త పక్కకి జరగండి, కిందికి దిగాలి."

పెళ్లైన పదహారేళ్లలో ఆవిడ ఆయన్ని పక్కకి జరగమన్నది ఇదే మొదటిసారి.

"హలో? లైన్లో ఉన్నారా?" అంది డాక్టరమ్మ.

మామగారు నల్ల కళ్లద్దాలతోనే తెర వైపు తిరిగారు. "ఉన్నాం డాక్టరమ్మా. ఒక్క నిమిషం ఆగండి. ఇక్కడ లైను కలుస్తోంది."

నాలుగో మెట్టు మీద బావగారు ఇంకా జరగలేదు.